కార్డు యంత్రం ఎవరి పేరున ఉన్నది?

(చిరువ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దుకాణాలలో వాడే కార్డు యంత్రాల గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము సాంకేతిక నిపుణులము కాము, వ్యాపారులమూ కాము. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు రాసి, పదవీ విరమణ పొంది, ఇప్పుడు పేటలోని వారికి దరఖాస్తులు రాసిపెట్టే పనిలో ఉన్నవారము. కనుక యంత్రాలు అమ్మేవారు చెప్పే మాటలు మా నోట వినబడవు. కాగితం వైపు నుండి చూసేవారికి ఈ యంత్రం ఎలా కనబడుతుందో అది మాత్రం చెబుతాము. మా దృష్టిలో అది డబ్బు వసూలు చేసే పరికరం కావడానికి ముందు ఒక రిజిస్టరు. ప్రతి అమ్మకాన్నీ తేదీతో, మొత్తంతో, ఒక పేరు కింద రాసిపెట్టే రిజిస్టరు. ఆ పేరు ఎవరిదన్నదే ఈనాడు మేము మాట్లాడదలచుకున్న విషయం.

అరచేతిలో ఇమిడే ఈ యంత్రానికి చరిత్ర చాలా చిన్నది. అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణంలో జిమ్ మెకెల్వీ అనే గాజు కళాకారుడు ఉన్నాడు. కొనడానికి వచ్చినవారి వద్ద కార్డు ఉండి, దానిని తీసుకునే ఏర్పాటు తన వద్ద లేక, అతడు రెండు వేల డాలర్ల బేరం పోగొట్టుకున్నాడు. ఆ నష్టం నుండి పుట్టిన ఆలోచనతో 2009లో అతడూ, జాక్ డార్సీ అనే మిత్రుడూ కలిసి స్క్వేర్ అనే సంస్థను నెలకొల్పారు. మొబైల్ ఫోనుకు పాటలు వినే తీగను గుచ్చే రంధ్రం ఉంటుంది కదా, అందులో గుచ్చే చిన్న ప్లాస్టిక్ బిళ్లను తయారు చేశారు. దానిలో కార్డును గీస్తే చాలు, ఫోనే దుకాణపు గల్లాపెట్టె అయింది. లాడ్ బజారు గాజుల వర్తకులు గమనించాలి, దీనికి మూలపురుషుడు కూడా గాజుపనివాడే.

మన దేశంలో ఆ బిళ్ల యథాతథంగా పనికిరాలేదు. కార్డు గీసి ఊరుకుంటే సరిపోదు, రహస్య సంఖ్య కూడా నొక్కాలని రిజర్వు బ్యాంకు పట్టుబట్టింది. 2018 డిసెంబరు 31 నాటికి పాత అయస్కాంతపు పట్టీ కార్డులన్నిటినీ చిప్పు కార్డులుగా మార్చాలని కూడా ఆదేశించింది. అందువల్ల ఇక్కడ మీటలున్న చిన్న యంత్రం వచ్చింది. ఒక రకం బ్లూటూత్ ద్వారా మీ ఫోనుకు అనుసంధానమై పని చేస్తుంది. మరొక రకం సొంత సిమ్ముతో, చీటీ ముద్రించే కాగితపు చుట్టతో, కొంచెం పెద్దదిగా ఉంటుంది. ఇప్పుడు కార్డును యంత్రానికి తాకిస్తే చాలునన్న పద్ధతి కూడా ఉన్నది. 2021 జనవరి నుండి ఐదు వేల రూపాయల వరకు అలా తాకించి, రహస్య సంఖ్య నొక్కకుండానే చెల్లించవచ్చు.

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయిన తర్వాతి వారాలు మీకు గుర్తుండే ఉంటాయి. యంత్రమున్న దుకాణంలో ఏదో ఒక బేరం జరిగింది. యంత్రం లేని దుకాణంవాడు గల్లాపెట్టె ముందు చేతులు కట్టుకొని కూర్చున్నాడు. ఆ భయంతో చాలామంది యంత్రాలకు దరఖాస్తు చేశారు. అంతలో క్యూఆర్ అట్టలు వచ్చి, తోపుడుబండి మీద కూడా వేలాడసాగాయి. ఇక యంత్రంతో పనేమిటని మీరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

మా అభిప్రాయం సూటిగా చెబుతాము. టీ కొట్టుకు, పంక్చరు షాపుకు, పూల బుట్టకు కార్డు యంత్రం అనవసరం. అద్దె దండగ. అట్ట చాలు. అయితే రమజాను నెలలో బట్టలు అమ్మేవారికి, పెండ్లి వంటల కాంట్రాక్టు పట్టేవారికి, ఫర్నిచరు, పరుపులు చేసే దూదేకుల సోదరులకు, మోటారు రిపేరు షెడ్డు నడిపేవారికి సంగతి వేరు. అక్కడ ఒక్కొక్క బిల్లు వేలల్లో ఉంటుంది, కొనేవారు క్రెడిట్ కార్డు తీస్తారు. గల్ఫ్ నుండి సెలవుకు వచ్చిన మన పిల్లల జేబుల్లో దుబాయి, రియాద్ బ్యాంకుల కార్డులు ఉంటాయి. అవి అట్ట మీద పని చేయవు. వారు పక్క వీధిలోని పెద్ద షోరూముకు పోతే, ఏడాదిలో ఒక్కసారి వచ్చే బేరం మన చేయి జారినట్టే.

ఇక రుసుము. దీని విషయంలో మోసపోయేవారే ఎక్కువ గనుక కొంచెం నిదానంగా చెబుతాము. కార్డుతో చెల్లించినప్పుడు కార్డు ఇచ్చిన బ్యాంకు, మీకు యంత్రం ఇచ్చిన బ్యాంకు, మధ్యలో వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి వ్యవస్థ, ముగ్గురూ కలిసి మీ సొమ్ములో కొంత తీసుకుంటారు. దానిని ఎండీఆర్ అంటారు. 2020 జనవరి 1 నుండి రూపే డెబిట్ కార్డుపైనా, యూపీఐ చెల్లింపులపైనా ఈ రుసుము లేదు, సున్నా. ఇతర డెబిట్ కార్డులపై రిజర్వు బ్యాంకు 2018 నుండి పరిమితి విధించింది. క్రితం ఆర్థిక సంవత్సరంలో 20 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారి వద్ద యంత్రం మీద నూటికి 40 పైసలు మించరాదు, ఎంత పెద్ద బిల్లయినా 200 రూపాయలు దాటరాదు. 20 లక్షలు మించిన వ్యాపారికి నూటికి 90 పైసలు, వెయ్యి రూపాయల పరిమితి. ఈ డెబిట్ కార్డు రుసుమును కొనేవారి నెత్తిన వేయకూడదు. క్రెడిట్ కార్డుకు మాత్రం ఇటువంటి పరిమితి ఏదీ లేదు. ఒప్పందంలో ఏ అంకె ఉంటే అదే.

ఒక లెక్క వేద్దాం. ఆరు వేల రూపాయల బట్టలు అమ్మారు. రూపే డెబిట్ కార్డయితే ఆరు వేలూ మీవే. ఇతర డెబిట్ కార్డయితే చిన్న వ్యాపారి వద్ద 24 రూపాయలకు మించి కోయకూడదు. క్రెడిట్ కార్డుకు ఒప్పందంలో రెండు శాతమని ఉన్నదనుకుందాం. 120 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 21 రూపాయల 60 పైసలు, మొత్తం 141 రూపాయల 60 పైసలు పోతాయి. ఆ బట్టల మీద మీకు నూటికి పది లాభమనుకుంటే వచ్చేది 600. అందులో దాదాపు నాలుగో వంతు యంత్రానికి సమర్పించినట్టు! అన్ని కార్డులకూ ఒకటే రేటు అని యంత్రం అమ్మే యువకుడు చెబితే, అది మీకు సౌకర్యం కాదు, వానికి సౌకర్యం. డెబిట్‌కు ఎంత, క్రెడిట్‌కు ఎంత, విదేశీ కార్డుకు ఎంత, నెల అద్దె ఎంత, అమ్మకాలు లేని నెలలో కూడా అద్దె ఉన్నదా, యంత్రం తిరిగి ఇచ్చేస్తే డిపాజిట్టు వస్తుందా, ఈ ప్రశ్నలకు కాగితం మీద సమాధానం రాయించుకోవాలి. సొమ్ము మామూలుగా మరుసటి పనిదినాన ఖాతాలో పడుతుంది. అప్పటికప్పుడు కావాలంటే కొందరు వేరుగా డబ్బు తీసుకుంటారు, అదీ అడగాలి. ఫోనులో ఓటీపీ చెప్పడం కూడా సంతకమేనని మరువరాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము.

మా పేటలో ఒక సోదరి ఎనిమిదేళ్లుగా ఇంట్లో బుర్ఖాలు, పెండ్లి గరారాలు కుడుతున్నది. చేతిపని ఎంత చక్కనిదంటే పొరుగు జిల్లాల నుండి వచ్చి కుట్టించుకుంటారు. గోడ మీద క్యూఆర్ అట్ట ఉన్నది, బల్ల మీద కార్డు యంత్రం ఉన్నది. రెండూ మరిది పేరున ఉన్నవి. ఎందుకని అడిగితే, దరఖాస్తు చేసిననాడు ఆయన దగ్గర పాన్ కార్డు ఉన్నది, ఆమె దగ్గర లేదు, అంతే. మరిది ఉత్తముడు, పైసా దాచుకోడు, ప్రతి శుక్రవారం లెక్క ఇచ్చేస్తాడు. ఆయనపై మాకు ఏ ఫిర్యాదూ లేదు. కాని మరో రెండు కుట్టు మిషన్లు కొనడానికి ఆమె బ్యాంకుకు పోతే, ఖాతా వివరాల పత్రం అడిగారు. ఆమె పాసుపుస్తకంలో గ్యాస్ సబ్సిడీ తప్ప మరేమీ లేదు. ఎనిమిదేళ్ల అమ్మకాలు మరిది ఖాతాలో ఉన్నవి. బ్యాంకు దృష్టిలో గొప్ప దర్జీ ఆయనే! ఆయనకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.

నవ్వకండి. ఈ సభలో ఎంతమంది ఇళ్లలో ఇదే పరిస్థితి ఉన్నదో మనసులో ఒకసారి లెక్కపెట్టుకోండి. ఊరగాయలు పెట్టే అక్క, ఖుబానీ కా మీఠా చేసి పెండ్లిళ్లకు పంపే ఆపా, మెహందీ పెట్టే పిల్ల, జర్దోజీ పనిచేసే కోడలు, వీరి శ్రమ ఎవరి ఖాతాలో నమోదవుతున్నది?

స్త్రీ సంపాదన స్త్రీదేనని మన ధర్మం స్పష్టంగా చెబుతుంది. భర్తకు దానిపై అధికారం లేదు. నిఖా జరిగేటప్పుడు మెహర్ ఎంతో ఖాజీ గారు అందరి ముందు అడిగి, నిఖానామాలో అంకెల్లో, అక్షరాల్లో రాయిస్తారు, సాక్షుల చేత సంతకాలు చేయిస్తారు. ఒక్కరోజు మాట ఇచ్చిన సొమ్ముకు ఇంత కట్టుదిట్టం చేసే మనం, ముప్పై ఏళ్లు ఆమె చేతివేళ్లతో సంపాదించే సొమ్మును మాత్రం వేరొకరి పేరున జమ చేయిస్తున్నాము. ఇంట్లో అందరూ సఖ్యంగా ఉన్నంతకాలం ఇది చిన్న విషయంగానే కనబడుతుంది. ఒక మరణం సంభవించినప్పుడు బయటపడుతుంది. ఖాతా భర్త పేరున ఉండి, ఆయన అల్లాహ్ పిలుపు అందుకుంటే, ఖాతాలోని సొమ్మంతా కాగితం ప్రకారం ఆయన ఆస్తి. వారసులందరికీ పంపకం. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. తాను కుట్టి, వండి, అమ్మి సంపాదించిన సొమ్ములో తనకే ఎనిమిదో వంతు! ఇద్దత్ కూర్చున్న ఆడమనిషి "ఈ డబ్బు నాది" అని నిరూపించాలంటే సాక్ష్యం ఎక్కడిది? యంత్రం ఆమె పేరున ఉంటే అదే సాక్ష్యం. నామినీగా పేరు రాయించాము కదా అని కొందరు అంటారు. నామినీ ఆ సొమ్మును బ్యాంకు నుండి అందుకునేవారు మాత్రమే, దానివల్ల సొంతదారు కాజాలరు.

మగవారి విషయంలో కూడా ఇదే చిక్కు వేరే రూపంలో ఉన్నది. దుకాణం తండ్రిది, యంత్రం బీటెక్ చదివిన కొడుకు పేరున. కొడుకు ఉద్యోగానికి బెంగళూరు పోయాడు, ఓటీపీ అక్కడికి పోతుంది. లేదా దుకాణపు గది యజమాని తన అట్టనే వాడుకొమ్మంటాడు, నెలాఖరుకు అద్దె మినహాయించుకొని మిగతాది ఇస్తాడు. పదిహేనేళ్లు పండ్లు అమ్మినవాడు ఏ లెక్కలోనూ కనబడడు.

ఈ లెక్కలో కనబడటం ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కు పోవాలి. జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన వేసిన కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. దేశంలో ముస్లిములు నెలజీతపు ఉద్యోగాలలో తక్కువగా, సొంత చిరువ్యాపారాలలో, చేతిపనులలో ఎక్కువగా ఉన్నారని ఆ నివేదిక చెప్పింది. అయినా బ్యాంకు రుణాలలో వారి వాటా తక్కువగానే ఉన్నదనీ, ముస్లిములు అధికంగా నివసించే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ప్రతికూల ప్రాంతాలుగా లెక్కించి రుణాలు ఇవ్వడం లేదనీ నమోదు చేసింది. ఆ నివేదికను మన సభలలో ఎన్నోసార్లు ఉదహరించాము. ఉదహరించి ఇంటికి పోయాము. పేట పేరు చూసి దరఖాస్తు పక్కన పెట్టే అధికారికి కారణం చెప్పడం సులభం: "మీ వ్యాపారానికి ఆధారం లేదు." ఆ ఒక్క కారణాన్ని ఆయన చేతి నుండి తీసివేయగల వస్తువు మన బల్ల మీదనే ఉన్నది. రెండేళ్ల అమ్మకాలు, నెలవారీగా, బ్యాంకువారి సొంత పత్రంలోనే, మీ పేరున ఉంటే, ఆయన ఇక వేరే కారణం వెదకాలి. ఆ వేరే కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని మనం అడగవచ్చు. హక్కు కోసం పోరాడేవానికి కాగితం కావాలి. మా ఉద్యోగకాలంలో కాగితం ఉన్న పేదవాని అర్జీ ఆలస్యంగానైనా కదిలింది, కాగితం లేనివాని అర్జీ బల్ల దాటలేదు.

వీధివ్యాపారులకు 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం ఉదాహరణ చూడండి. మొదట పది వేలతో ప్రారంభమైన తొలివిడత రుణాన్ని 2025లో పదిహేను వేలకు పెంచారు, తరువాతి విడతలు అంతకంటే పెద్దవి. డిజిటల్ చెల్లింపులు స్వీకరించేవారికి కొంత నగదు ప్రోత్సాహం కూడా ఇస్తారు. కాని ఆ చెల్లింపులు ఆ వ్యాపారి పేరున ఉన్న ఖాతాకు రావాలి. అట్ట మీద బావమరిది పేరుంటే ఆ ప్రోత్సాహమూ పోయింది, రుణచరిత్రా పోయింది.

ఇక్కడ వడ్డీ మాట వస్తుంది. ఉలమాలు వేదికపై ఉండగా ఆ విషయంలో తీర్పు చెప్పడం మా స్థాయి కాదు, వారినే అడగండి. గుమాస్తాగా మాత్రం ఒక హెచ్చరిక చేస్తాము. యంత్రం తీసుకున్న ఆరు నెలలకు ఫోనులో ఒక సందేశం వస్తుంది: మీ అమ్మకాలు బాగున్నవి, మీకు లక్ష రూపాయలు మంజూరు, ఒక్కసారి నొక్కండి, చాలు. దానిని అడ్వాన్సు అంటారు, ఫీజు అంటారు, వడ్డీ అనే మాట ఎక్కడా వాడకపోవచ్చు. రోజూ మీ అమ్మకాల నుండి కొంత కోసుకుంటారు. మొత్తం ఎంత తీసుకుంటున్నారు, ఎన్ని రోజులలో, ఎంత ఎక్కువగా తిరిగి ఇస్తున్నారు అని వేసి చూస్తే, ఆ ఫీజు అసలు రూపం తెలుస్తుంది. బ్యాంకు రుణమే వద్దనుకునే సోదరులకు కూడా రిజిస్టరు వృథా కాదు. వడ్డీలేని పరస్పర సహాయ సంఘం వారయినా, మసీదు బైతుల్‌మాల్ వారయినా ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చుకోవడానికి ఆ పత్రమే చూస్తారు. ఏడాది చివర జకాత్ లెక్క కట్టేవారికి కూడా అది అక్కరకు వస్తుంది.

సరే, యంత్రం సొంత పేరున తీసుకుందామని బయలుదేరితే మనవారికి మొదటి అడ్డు పేరే. ఇది ఇతరులకు అంతగా తెలియని కష్టం. మన ఇంటిపేరు "షేక్". దానిని ఇంగ్లీషులో ఆధార్ మీద ఐదక్షరాలతో రాశారు, పాన్ మీద ఆరక్షరాలతో రాశారు, బ్యాంకులో "ఎస్‌కె" అని రెండక్షరాలతో సరిపెట్టారు. "మహమ్మద్" సంగతి చెప్పనే అక్కరలేదు, పొడవుగా ఒకచోట, "ఎండి" అని ఒకచోట. పెండ్లికి ముందు "సుల్తానా" అయిన అమ్మాయి రేషను కార్డులో "బేగం", ఆధార్‌లో "బీ". మనిషి ఎదురుగా నిలబడితే మనిషికి సందేహం రాదు. కాని యంత్రం దరఖాస్తును చూసేది కంప్యూటరు. అక్షరం తేడా వస్తే తిరస్కరిస్తుంది. విసుగు చెంది, "సరే, మరిది పేరున పెట్టేద్దాం" అంటాము. కథ అక్కడ మొదలవుతుంది.

దీనికి తొందరపడి ఆధార్ కేంద్రానికి పరుగెత్తవద్దు. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు మాత్రమే మార్చుకోనిస్తారు. మొదట ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పరచి, ఏ రూపం ఎక్కువ చోట్ల ఉన్నదో చూడాలి. పదో తరగతి ధ్రువపత్రం ఉంటే దానినే ప్రమాణంగా తీసుకోవడం మంచిది, ఎందుకంటే దానిని మార్చడం అన్నిటికంటే కష్టం. ఆ రూపానికి ఆధార్‌ను, తరువాత పాన్‌ను, చివరకు బ్యాంకును సరిచేసుకోవాలి. ఈ వరుస తప్పితే మళ్లీ మొదటికి వస్తుంది. అలాగే ఉద్యమ్ నమోదు. చిన్న పరిశ్రమలకు, వ్యాపారాలకు 2020 జులై నుండి ఉన్న ఈ నమోదు పూర్తిగా ఉచితం. దానికి వెయ్యి, రెండు వేలు తీసుకునేవారు మన పేటలోనే ఉన్నారు, పేర్లు చెప్పము, వారికి తెలుసు.

రిజిస్టరులో పేరు ఎక్కితే లాభమే కాదు, భయం కూడా ఉన్నది. దానిని దాచిపెట్టి మాట్లాడటం న్యాయం కాదు.

2025 జులైలో కర్ణాటకలో ఏమి జరిగిందో పత్రికలలో చదివారు. యూపీఐ ద్వారా వచ్చిన సొమ్మును లెక్కగట్టి అక్కడి వాణిజ్య పన్నుల శాఖ వేలాది చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. బెంగళూరులో దుకాణదారులు క్యూఆర్ అట్టలు తీసేసి, నగదు మాత్రమేనని బోర్డులు పెట్టారు. మనవారిలో కూడా ఆ మాట వచ్చింది. మేము దానితో ఏకీభవించము. ఖాతాలో పడిన ప్రతి రూపాయీ అమ్మకం కాదు. తమ్ముడు పంపిన సొమ్ము ఉంటుంది, చీటీ డబ్బు ఉంటుంది. తాజా కూరగాయలు, పండ్లు వంటి వాటిపై అసలు పన్నే లేదు. వస్తువులు అమ్మేవారికి నమోదు పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, సేవలకు మన రెండు రాష్ట్రాలలోనూ ఏడాదికి 20 లక్షలు. ఇవన్నీ విడదీసి చూపగలవాడు నోటీసుకు జవాబు రాయగలడు. చూపలేనివాడే భయపడతాడు. అందుకే ఇంటి ఖాతా వేరు, దుకాణపు ఖాతా వేరు ఉండాలి. పిల్లల ఫీజు, గల్ఫ్ సొమ్ము, చీటీ, దుకాణపు ఖాతాలోకి రానివ్వవద్దు.

రెండవ భయం ఇంతకంటే కఠినమైనది. ఒక పండ్ల వ్యాపారికి బక్రీదుకు నాలుగు రోజుల ముందు ఖాతా స్తంభించిపోయింది. సరుకుకు దాచిన 41 వేలు అందులో ఉన్నవి. బ్యాంకుకు పోతే "పైనుండి వచ్చింది" అన్నారు. ఏ పైన, ఎందుకు అన్నది చెప్పలేదు. మేము వెంట పోయి, రాతపూర్వకంగా అడిగిన తరువాత తెలిసినది: ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒకరు సైబరు మోసానికి గురై 1930 నంబరుకు ఫిర్యాదు చేశారు. ఆ సొమ్ము చేతులు మారుతూ మారుతూ, అందులో 340 రూపాయలతో ఎవడో ఈయన వద్ద మామిడిపండ్లు కొన్నాడు. అంతే నేరం! 340 రూపాయల కోసం 41 వేలు నిలిచిపోయినవి. ఆయన భార్య రాత్రంతా ఏడ్చింది. మన పేరు ఉన్నవానికి పక్క రాష్ట్రం పోలీసు నుండి కాగితం వచ్చిందంటే ఇంట్లో ఎటువంటి వణుకు పుడుతుందో మీకు వివరించనవసరం లేదు. ఊరు విడిచి పోతానన్నాడు. పోతే దొంగవవుతావని చెప్పి ఆపాము.

ఇటువంటిది జరిగితే చేయవలసినది ఇది. ఫిర్యాదు సంఖ్య, పోలీసు స్టేషను పేరు, వివాదంలో ఉన్న మొత్తం ఎంతో రాసి ఇవ్వమని బ్యాంకు మేనేజరుకు అర్జీ పెట్టాలి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ఆ రోజు అమ్మకం చీటీ లేదా ఫోనులోని వివరం జతపరచి దర్యాప్తు అధికారికి రిజిస్టరు పోస్టులో, ఈ-మెయిలులో రాయాలి. వివాదమున్న మొత్తాన్ని మాత్రమే నిలిపి, మిగతా ఖాతాను విడుదల చేయమని కోరాలి. ఖాతాను నిలపడానికి పోలీసుకు అధికారం ఇచ్చేది ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 106వ సెక్షను. ఆ సెక్షను కిందనే, జప్తు చేసిన సంగతి మేజిస్ట్రేటుకు తెలియపరచాలి. కనుక న్యాయస్థానానికి పోయే దారి ఉన్నది. బ్యాంకు జవాబే ఇవ్వకపోతే, ముప్పై రోజుల తరువాత రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, సమాచారానికి నంబరు 14448. పండ్ల వ్యాపారి ఖాతా తెరుచుకోవడానికి ఏడు వారాలు పట్టింది. బక్రీదు బేరం పోయింది. అది ఎవరూ తిరిగి ఇవ్వలేదు. అప్పటి నుండి ఆయన రోజూ ఇషా తర్వాత దుకాణపు ఖాతాలోని సొమ్మును, రేపటి సరుకుకు కావలసినంత ఉంచి, భార్య ఖాతాకు మార్చుకుంటున్నాడు. ఇది చట్టవిరుద్ధం కాదు, జాగ్రత్త. మీరూ చేయండి.

చిన్న మోసాల గురించి త్వరగా చెప్పి ముగిస్తాము, వీటి గురించి మీ పిల్లలకే మాకంటే ఎక్కువ తెలుసు. సొమ్ము రావడానికి మీరు రహస్య సంఖ్య నొక్కవలసిన పని ఎన్నడూ లేదు. కొనేవారి ఫోనులో చూపించే బొమ్మను నమ్మవద్దు, మీ ఫోనులోనో, మీ పెట్టె నోటనో వచ్చిన మాటనే నమ్మాలి. రాత్రిపూట అట్ట మీద వేరే అట్ట అంటించి పోయేవారున్నారు, పొద్దున్నే దుకాణం తెరవగానే ఒక రూపాయి పంపించి చూసుకోవాలి. కార్డు రహస్య సంఖ్యను కొనేవారే నొక్కాలి, "నంబరు చెప్పండి సార్" అని మనం గట్టిగా అడగకూడదు. పెద్ద బిల్లుల చీటీలు ఏడాది పాటు దాచాలి. తాము చెల్లించలేదని కార్డువారు ఎదురు తిరిగితే ఆ చీటీయే దిక్కు.

వచ్చే ఆదివారం జొహర్ నమాజు తర్వాత మేము ఇదే షాదీఖానాలో కూర్చుంటాము. ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం, పదో తరగతి పత్రం ఉంటే అది, యంత్రం ఇప్పటికే ఉన్నవారు ఆ ఒప్పందం తెచ్చుకోండి. పేర్ల తేడాలు సరిచూసి ఎవరికి ఏ దరఖాస్తు అవసరమో రాసిపెడతాము. స్త్రీలకు వేరుగా బల్ల ఉంటుంది, డిగ్రీ చదివిన ఇద్దరు అమ్మాయిలు అక్కడ సహాయం చేస్తారు. బుర్ఖాలు కుట్టే సోదరి పాన్ కార్డు గత నెలలోనే వచ్చింది, ఆమె యంత్రం దరఖాస్తు కూడా ఆ రోజే నింపుతాము. మరిది గారు స్వయంగా తీసుకొని వస్తామన్నారు. దేనికీ పైసా తీసుకోము. ఓటీపీ వస్తే మాకు కూడా చెప్పవద్దు, మీరే నొక్కండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగవచ్చు. మొదట పరదా అవతలి నుండి తీసుకుందాము.